ముందు కాళ్ళు నడిచాయి

పోయిన బుధవారం మధ్యాహ్నం పోస్టులో ఒక కార్డు వచ్చింది. మా పక్క వాటాలో చాలా ఏళ్ళుండి వెళ్ళిన బైబిలమ్మగారు పోయారని ఆవిడ చెల్లెలి కూతురు రాసింది. "పెద్దమ్మ శనివారం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయింది" అని ఉంది. "నిద్రలోనే" అన్నచోట ఆగిపోయాను. ముందు సంతోషం వేసింది. అలా సంతోషపడ్డందుకు వెంటనే సిగ్గేసింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మనిషి పోయిందని తెలిసి సంతోషపడటమేమిటని మీకనిపించవచ్చు. ఆవిడ సంగతి వింటే మీరూ నన్ను తప్పుపట్టరనుకుంటాను.

ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బైబిలు చదివి వినిపించడం, చదువురానివాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం ఆవిడ ఉద్యోగం. అందుకని చర్చి వాళ్ళకీ, వీధిలో మా అందరికీ ఆవిడ బైబిలమ్మగారే. డెబ్భైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, మేం పటమటలో ఒక పెంకుటింట్లో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. మా ఆయన లారీ ఆఫీసులో గుమాస్తా. గోడకి అటువైపు ఒంటిగదిలో ఆవిడ ఉండేవారు. రెండు వాటాలకీ ముందు ఒకటే పొడుగాటి వసారా, వెనక ఒకటే నుయ్యి. అప్పటికే ఆవిడకి యాభై దాటాయి. సన్నంచు తెల్లచీర, భుజాన గుడ్డసంచీ, ఎండైనా వానైనా చేతిలో నల్లగొడుగు.

దీపాలు పెట్టేవేళకి వసారాలో ఆవిడ అడుగుల చప్పుడు మొదలయ్యేది. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి. హవాయి చెప్పులు నేలకి అంటుకుని లేచే మెత్తటి చప్పుడు. పెదాలు సన్నగా కదులుతుండేవి. "ఆవిడ మనందరి కోసం ప్రార్థన చేస్తూ నడుస్తారు" అని ఇంటావిడ మేం దిగిన రోజే చెప్పింది. చర్చి గడప తొక్కనివాళ్ళు కూడా పిల్లాడికి జ్వరమొస్తే గోడమీంచి కేకేసేవారు, "అమ్మగారూ, మావాడి గురించి కూడా ఒకమాట చెప్పండి" అని. ఆవిడ తలూపి ఇంకో చివరకి సాగిపోయేవారు. నాకప్పుడు పడుకోగానే నిద్రపట్టేది. కళ్ళు మూతలు పడుతుంటే ఆ అడుగులు ఎక్కడో నీళ్ళమీద తెడ్డు వేస్తున్నట్టు వినిపించేవి. ఎవరో మెలకువగా ఉన్నారు, ఇంక ఫరవాలేదు అనిపించేది.

ఆవిడ పద్ధతులు కొన్ని నాకు వింతగా ఉండేవి. సాయంత్రం అన్నం నిలబడి తినేవారు, కంచం చేత్తో పట్టుకుని, వంటగది గుమ్మానికి ఆనుకుని. చర్చిలో ఎప్పుడూ చివరి బెంచీ, అందులోనూ చివరి చోటు. ప్రసంగం సగంలో ఉండగా లేచి గోడవారగా నిలబడేవారట. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు. "దేవుడిచ్చిన కాళ్ళమ్మా, వాడుకోవాలిగా" అని నవ్వేసేవారు.

నాకు ఆరో నెల వచ్చింది. అప్పుడు మొదలైంది నాకు.

అదేమిటో చెప్పడం ఇప్పటికీ చేతకాదు. నొప్పి కాదు, దురద కాదు, తిమ్మిరీ కాదు. పగలంతా ఏమీ ఉండేది కాదు. పొద్దువాలి, పని ముగించుకుని, హమ్మయ్య అని కాళ్ళు చాపుకోగానే పిక్కల లోపల, చెయ్యి అందనంత లోతున, గోలీసోడా కొట్టినట్టు ఏదో బుసబుసా పైకి పాకేది. కదిలిస్తే పోయేది. ఆపితే వచ్చేది. లేచి నాలుగడుగులు వేస్తే ఎవరో చల్లటి చెయ్యి వేసి నిమిరినంత హాయి. పడుకుంటే మళ్ళీ మొదలు. రోజులు గడిచేకొద్దీ నాకు మెలకువకీ కలకీ మధ్య గీత చెరిగిపోయింది. అన్నం వండుతూ తూలేదాన్ని. మా ఆయన మంచివాడే గానీ పొద్దున్నే ఆఫీసుకెళ్ళాల్సిన మనిషి. నా తన్నులు పడలేక చాపా దిండూ వంటగదిలోకి మార్చుకున్నాడు.

సాయానికని మా అత్తగారు గుడివాడ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చింది. నాలుగు రోజులు చూసింది. "కుదురుగా పడుకోలేవుటే అమ్మాయ్?" అంది. కాలికి మంత్రించిన తాడు కట్టింది. అయిదో రోజున కొడుకుని కూర్చోబెట్టి చెప్పింది, "దీనికేదో గాలి సోకిందిరా. మన ఊళ్ళో వాతలు పెట్టే ఆయనున్నాడు. చువ్వ కాల్చి రెండు పిక్కలమీదా రెండేసి పెడితే చేత్తో తీసేసినట్టు పోతుంది. శుక్రవారం తీసుకెళ్తాను." మా ఆయన నేల చూశాడు. నా మటుకు నాకు, ఒక్కపూట కాళ్ళు ఊరుకుంటే చాలు, కాల్చుకున్నా ఫరవాలేదనే అనిపించింది. అంత అలసిపోయి ఉన్నాను.

ఆ సాయంత్రం వసారాలో అడుగులు మా గుమ్మం ముందు ఆగాయి. అన్నాళ్ళలో మొదటిసారి బైబిలమ్మగారు మా ఇంట్లోకి వచ్చారు.

"వదినగారూ, గోడకి చెవులున్నందుకు ఏమనుకోకండి. అమ్మాయిని రెండు మాటలు అడగొచ్చా?" అన్నారు మా అత్తగారితో.

"దానికేం, అడగండి."

"పొద్దునపూట ఉంటుందా అమ్మా ఇది?"

"ఉండదండీ."

"నడిస్తే?"

"నడిచినంతసేపూ ఉండదండీ. కూర్చుంటేనే. మొన్న సినిమాకెళ్తే ఇంటర్వెల్ దాకా కూడా కూర్చోలేకపోయాను."

ఆవిడ పీట లాక్కుని కూర్చుని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా పైకి లాగారు. రెండు పిక్కలమీదా నున్నగా, తెల్లగా, వేలెడేసి మచ్చలు. నాలుగు.

"నాకు పదహారేళ్ళప్పుడు పెట్టారు వదినగారూ. పెళ్ళయిన మూడో నెల. ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకరు తొడలమీద కూర్చున్నారు. పుండ్లు మానడానికి రెండు నెలలు పట్టింది. లోపలిది మాత్రం ఆ రాత్రే మళ్ళీ వచ్చింది. కాలిన కాళ్ళతోనే లేచి నడిచాను. ఇది మనిషి కాదు, దయ్యం అని పుట్టింట్లో దింపేసి వెళ్ళారు." గొంతులో ఫిర్యాదేమీ లేదు. పక్కూరి సంగతి చెబుతున్నట్టు చెప్పారు. "నన్ను తిట్టినా ఫరవాలేదు. ఈ పిల్లని మాత్రం కాల్చకండి."

మా అత్తగారు ఆ మచ్చలవంక చాలాసేపు చూసింది. తర్వాత వంగి, ఆవిడ చీర అంచుని తన చేత్తోనే మెల్లగా కిందికి దించింది. శుక్రవారం ప్రయాణం మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు బైబిలమ్మగారే నన్ను రిక్షాలో ఒక లేడీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు నా కింది కనురెప్ప లాగి చూసి, "పాలిపోయి ఉన్నావు, ఒంట్లో రక్తం లేదు" అన్నారు. కాళ్ళ సంగతి చెబుతుంటే రాస్తున్న కలం ఆపారు. "దీనికి పేరుందమ్మా. రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. కాళ్ళకి కుదురు లేకపోవడం. నరాలకి సంబంధించిన జబ్బు. గాలీ కాదు, దయ్యమూ కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తుంటుంది, ఒంట్లో ఇనుము తక్కువైతే ఇంకా ఎక్కువవుతుంది. చాలామందికి కాన్పుతో పోతుంది. కొందరికి మాత్రం జీవితాంతం ఉంటుంది" అని మాత్రలు రాశారు.

పక్కన నిలబడ్డ బైబిలమ్మగారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఇంకోసారి ఆ పేరు చెప్పమన్నారు. డాక్టరుగారు చెప్పారు. ఆవిడ దాన్ని అక్షరాలు దిద్దించేటప్పటిలా విడివిడిగా పలికి చూసుకున్నారు. "పేరు తెలియనిదానితో ముప్ఫై అయిదేళ్ళు కాపురం చేశానన్నమాట" అని నవ్వబోయి ఏడ్చారు. డాక్టరుగారు ఆవిడ కనురెప్పలు కూడా చూసి, అవే మాత్రలు ఆవిడకీ రాసిచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు పొద్దు వాలుతోంది. రిక్షాలో ఆవిడ కాళ్ళు మొదలుపెట్టాయి, నావీ మొదలుపెట్టాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని దిగిపోయి బందరు కాలవ గట్టున నడిచాం. నీళ్ళమీద ఎర్రటి వెలుగు మడతలు పడుతోంది. ధాన్యం పడవొకటి మాతోపాటే వెళుతోంది. గట్టుమీద ఇద్దరు మనుషులు దాన్ని తాడుతో లాగుతూ ముందు నడుస్తున్నారు. వాళ్ళ వెనక మేం. లోకమంతా ఆ నడకలోనే మెల్లగా ముందుకు జరుగుతున్నట్టుంది.

"అందరూ నేను ప్రార్థన కోసం నడుస్తున్నానంటారు" అన్నారావిడ ఉన్నట్టుండి. "నేను ఏనాడూ కాదనలేదు. ముందు కాళ్ళు నడిచాయమ్మా. ప్రార్థన దారిలో వచ్చి కలిసింది."

ఆ మాటని నేను చాలా ఏళ్ళుగా దాచుకున్నాను. ఆవిడకి మాత్రం అది గుండెలమీద బరువు. వీధి వీధంతా తనని పుణ్యాత్మురాలనుకుంటుంటే తను అబద్ధంలో బతుకుతున్నానని ఆవిడ బాధ.

నాకు ఎనిమిదో నెల రాగానే ఆవిడ ఒక నిర్ణయానికొచ్చారు. చర్చిలో స్త్రీల కూడికలో అందరిముందూ లేచి తన సంగతి సాక్ష్యంగా చెబుతానన్నారు. చర్చి అయ్యగారు ఆ సంగతి విని స్వయంగా ఇంటికొచ్చారు. మా గుమ్మంలోకి అంతా వినిపించింది.

"ఎందుకమ్మా ఇప్పుడు? మిమ్మల్ని చూసి ఎంతోమంది మోకరించడం నేర్చుకున్నారు. అది జబ్బని మీరే చెబితే మీ పేరేం కావాలి?"

"నా పేరు పోతే పోనివ్వండి అయ్యగారూ. ఆడపిల్లల పిక్కలు మిగులుతాయి."

అయ్యగారు మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు.

కూడికకి నేనూ వెళ్ళాను. ఏమనుకుందో, మా అత్తగారు కూడా వచ్చింది. చాపలమీద నలభైమంది ఆడవాళ్ళు. ఆవిడ ముందుకొచ్చి నిలబడి, డాక్టరుగారి దగ్గర విన్నది విన్నట్టు చెప్పారు. తన వసారా నడకల గురించి చెప్పారు. పుట్టింట్లో దింపేసిన సంగతి చెప్పి, "నేను మీరనుకున్నంతదాన్ని కాదు, క్షమించండి" అన్నారు. ముందు వరసలో ఒక పెద్దావిడ విసురుగా లేచి, "ఇన్నాళ్ళూ మా చేత దణ్ణాలు పెట్టించుకున్నావుగా" అని వెళ్ళిపోయింది. బైబిలమ్మగారి మొహం పాలిపోయింది. అయినా అక్కడే నిలబడి అడిగారు, "మీలో ఎవరికైనా సాయంత్రాలు కాళ్ళు ఇలా ఉంటాయా?"

చాలాసేపటికి వెనకనుంచి ఒక పొలంకూలీ ఆవిడ, "నాకుంటదమ్మా. మా ఆయన తాగొచ్చావా అని కొట్టేవోడు" అంది. ఆ తర్వాత ఒక పంతులమ్మ. ఒక బాలింత. మొత్తం ఆరుగురో ఏడుగురో. ఒక్కొక్కరు చెబుతుంటే మిగతావాళ్ళు, "అదే అదే, అచ్చం అలాగే" అని ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకున్నారు. ఇంటికొచ్చే దారిలో మా అత్తగారు, "మా అమ్మ పొద్దుగూకితే పాతచీర చింపి కాళ్ళకి బిగించి కట్టుకునేదే. మేం పిల్లలం చూసి నవ్వేవాళ్ళం" అంది.

ఆ తర్వాత గోడమీంచి కేకేసి ప్రార్థన అడిగేవాళ్ళు తగ్గారు. కొందరు కాళ్ళ జబ్బావిడ అని పేరు పెట్టారు. ఆవిడ దానికీ పలికారు. కంకిపాడు, ఉయ్యూరు, గన్నవరం వైపు ఏ పల్లెకెళ్ళినా, బైబిలు తెరిచే ముందు కడుపుతో ఉన్న పిల్లల కింది రెప్ప లాగి చూసేవారు. "సాయంత్రాలు కాళ్ళెలా ఉంటున్నాయమ్మా?" అని అడిగేవారు. పాలిపోయినవాళ్ళని డాక్టరు దగ్గరికి పంపేవారు. మొగుళ్ళని పిలిచి, "అది నిన్ను తన్నడం లేదు నాయనా, నిద్ర కోసం వెతుక్కుంటోంది" అని చెప్పేవారు. తగ్గిపోతుందని మాత్రం ఎవరికీ మాటివ్వలేదు. తనకి మాత్రలతో కొంచెం తెరిపి వచ్చిందంతే. నాకు పాప పుట్టిన మూడు వారాలకి అది వచ్చినట్టే పోయింది. ఆ సంగతి చెబుతుంటే నాకే తప్పుచేసినట్టనిపించింది. ఆవిడ నా బుగ్గ తట్టి, "హాయిగా పడుకో. నా వాటా కూడా నువ్వే పడుకో" అన్నారు.

మీ ఇంట్లో ఎవరైనా పొద్దువాలేసరికి నిలకడ లేకుండా తిరుగుతుంటే, కసురుకునే ముందు ఒక్కసారి కాళ్ళ గురించి అడగండి. ఆవిడ కోసం నేనడిగేది అంతే.

పని విరమించాక ఆవిడ హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో చెల్లెలి కూతురింటికి వెళ్ళిపోయారు. కిందటేడు నాట్ల రోజుల్లో, పదేళ్ళు నిండిన పాపని తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. జంక్షన్‌లో బస్సు దిగి నడిచేసరికి సాయంత్రమైంది. ఇంట్లో ఆవిడ లేరు. "పంటకాలవ దగ్గరుంటుంది, వెళ్ళండి" అని చెల్లెలి కూతురు వేలు చూపించింది.

గట్టెక్కి చూశాం. నాట్లు ముగించుకున్న ఆడవాళ్ళు పదిపన్నెండుమంది మోకాటిలోతు నీళ్ళలో వరసగా నిలబడి కాళ్ళ బురద కడుక్కుంటున్నారు. చీరలు పైకి దోపుకుని, వంగుతూ, లేస్తూ, ఒకళ్ళమీదొకళ్ళు నీళ్ళు చల్లుకుంటున్నారు. మధ్యలో ఎవరో ఏదో చెబుతున్నారు, మిగతావాళ్ళు పకపకా నవ్వుతున్నారు. వెనకనుంచి వెలుగు పడి అందరూ నల్లటి నీడల్లా ఉన్నారు. నీళ్ళు వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి మెరుస్తూ పోతున్నాయి.

"అమ్మా, వాళ్ళలో ఆవిడెవరు?" అంది పాప.

నేను కళ్ళు చికిలించుకుని చూశాను. అందరి కాళ్ళూ ఒకేలా కదులుతున్నాయి. ఎంతసేపు చూసినా పోల్చుకోలేకపోయాను.