కిరసనాయిలు మరక

మా కాలేజీ కెమిస్ట్రీ మేడమ్ పోయారని మొన్న కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. ఆమె శాంతమూర్తి అని రాసేవాళ్లు రాస్తారు. నేను రాయను. మదనపల్లెలో పదిహేనేళ్లు పక్క గదిలో పాఠం చెప్పినవాణ్ణి. పగ పట్టిన మనిషిగానే ఆమెను గౌరవించాను.

తొంభైలలో ఆమె భర్త రెండు సీట్ల చిన్న విమానం నడుపుతూ ఊళ్ల మీద ప్రకటన కాగితాలు చల్లేవారు. ఆ ఇంజనుకు కార్లకు పోసే పెట్రోలే చాలని తయారుచేసినవాళ్లే చెప్పారు. ఆయన పుంగనూరు బంకులో క్యాన్లకు పట్టించుకుని, పలచటి తోలుగుడ్డలో వడపోసి మరీ పోసేవారు. ఒకరోజు పొద్దున పుంగనూరు దాటగానే ఇంజను ఆగిపోయింది. విమానం చెనక్కాయల చేలో పడింది. ఆయన దక్కలేదు.

"కార్ల పెట్రోలు ఇమానంలో పోస్తే పడకుండా ఉంటాదా?" అని బంకు యజమాని అందరితో అన్నాడు. ఊరు నమ్మింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ నమ్మాను.

క్యాన్లో మిగిలిన పెట్రోలు చుక్కను మేడమ్ ల్యాబులో వడపోత కాగితం మీద వేశారు. మంచి పెట్రోలైతే ఆరిపోయి ఏమీ మిగలదు. ఆ కాగితం మీద జిడ్డు మరక నిలిచింది.

"నీళ్లయితే గుడ్డ ఆపుతాదప్పా. కిరసనాయిలును యాడ ఆపుతాది?" అన్నారు నాతో.

ఆ బంకు మీద ఆమె ఇచ్చిన ఫిర్యాదు ఏ బల్ల మీదో ఆగిపోయింది. అప్పటినుంచి ప్రతి శనివారం ఆమె బస్సెక్కి ఆ బంకు ముందు నిలబడేవారు. బండి ఆపినవాళ్లకు కాగితం మీద చుక్క వేయించి చూపించేవారు. మరక పడని రోజు, "ఈ వారం బాగుండాది, పోయించుకోండి" అని గట్టిగా చెప్పేవారు. బంకు యజమానికి అదే ఎక్కువ మండేది.

"ఇంక మర్సిపోండి మేడమ్" అన్నానొకసారి.

"మర్సిపోయేదానికి ఆయనేమన్నా గొడుగా?"

కొన్నేళ్లకు అతనే ఆమె ఇంటికొచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"సాలించమ్మా. బంకు మూసే గతి పట్టింది."

"కల్తీ చేసినానని ఆ బంకు ముందరే నలుగురిలో సెప్పు. మళ్లా రాను."

అతను చెప్పలేదు. ఆమె మానలేదు. బంకు మూతపడిన మర్నాడు స్టాఫ్ రూములో అందరికీ మైసూర్ పాక్ పంచారు. నేను రెండు ముక్కలు తిన్నాను.

రిటైరయ్యాక ఆమె కుప్పంలో చెల్లెలి దగ్గర ఉండేవారు. చివరి చూపుకు వెళ్తే ఆ బంకు యజమానీ వచ్చాడు. ముసలివాడైపోయాడు. చేతిలో చామంతి దండ. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"ఈడన్నా సెప్తావా?"

"పొయినోళ్ల కాడ యాలప్పా అయ్యన్నీ?"

"అయితే పో."

దండను ప్రహరీ మీద పెట్టి వెళ్లిపోయాడు. మేడమ్‌ను మోసుకెళ్తూ వెనక్కి చూశాను. దారిన పోయే మేకొకటి ముందరికాళ్లు గోడ మీదికెత్తి ఆ చామంతులను తీరిగ్గా నములుతోంది. ఎవరూ అదిలించలేదు.