కుట్లు మానిన గుండె

బాన్సువాడ బస్టాండు దగ్గర చెరకు ట్రాక్టరు పక్కనుంచి పోయినప్పుడల్లా, ఆ పచ్చి తీపి వాసనకు నాకు మా సుజాతక్క గుర్తొస్తుంది. చలికాలం పొద్దుటి ఎండలో అరుగు మీద కూర్చుని, పళ్లతోనే చెరకు తోలు చీరి, మెత్తటి ముక్కలు నాకిచ్చి, గట్టి గణుపులు తను నమిలేది.

అక్కకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం. నాకు ఊహ తెలియకముందే హైదరాబాదులో ఆపరేషన్ చేసి మూసేశారట. ఛాతీ మీద నిలువుగా ఉన్న మచ్చను అందరి దగ్గరా దాచుకునేది గానీ, నాకు చూపించి "గిది నా జిప్పు" అని నవ్వేది. ఏటేటా తీసుకురమ్మని డాక్టర్లు చెప్పారు. మొదట్లో వెళ్లారు. తర్వాత అక్క తొక్కుడుబిళ్ల ఆడుతూ, బోరింగు నుంచి బిందె మోస్తూ, నాట్లకు పోయే అమ్మ వెంట గట్ల మీద పరుగెడుతూ ఉంటే, బాగైన పిల్లను దవాఖానకు ఎందుకు తిప్పడమని మానేశారు.

నేను ఐదో తరగతిలో ఉండగా అక్కకు ఉన్నట్టుండి దడ రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి తీసి గుండె మీద పెట్టుకుంది. లోపల ఏదో ఉరికి, ఉరికి, ఆగి, మళ్లీ అందుకుంది. భయపడి అమ్మను పిలిచాను.

"ఎండల తిరిగినవ్, గందుకే. ఇన్ని మజ్జిగ తాగు బిడ్డా," అంది అమ్మ.

సద్దుల బతుకమ్మ నాడు ఇల్లంతా బెల్లం కలిపిన నువ్వుల పొడి సత్తు, మలీద ముద్దల వాసన. తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మ చుట్టూ అక్కే ముందుగా పాట ఎత్తుకుంది. చప్పట్లు కొడుతూ వంగిన మనిషి మళ్లీ లేవలేదు. ఆటోలో బాన్సువాడ, అక్కడి నుంచి నిజామాబాద్. కుట్లు పడిన చోట గుండెకు కరెంటు పోయే దారి దెబ్బతిన్నదని, గుండె ఆగకుండా లోపల బ్యాటరీ పెట్టాలని, ఏటేటా చూపించి ఉంటే ముందే తెలిసేదని డాక్టరు నాన్నతో అన్నాడు. హైదరాబాదు తీసుకెళ్తుంటే, దారిలో అమ్మ ఒళ్లో కాస్త కళ్లు తెరిచి, "చెల్లెకు సత్తు తీసిపెట్టిన్రా?" అని అడిగిందట. ఆ తర్వాత అక్క మాట్లాడలేదు.

మా పెంకుటిల్లు ఇప్పుడు లేదు. అమ్మ మళ్లీ బతుకమ్మ ఆడలేదు.

మొన్న అమ్మా నేనూ బిచ్కుంద నుంచి బస్సులో వస్తుంటే, పక్క సీట్లో ఒక చిన్నపిల్ల గౌను మెడ దగ్గర అలాంటి మచ్చే కనిపించింది. అమ్మ చాలాసేపు చూసి, ఆ పిల్ల తల్లిని అడిగింది.

"ఆపరేషన్ అయినంక డాక్టరుకు చూపిస్తున్నరా బిడ్డా?"

"మంచిగయింది గదా అవ్వా. ఇగ ఎందుకు?"

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా పిల్లకు గూడ మంచిగనే అయింది," అంది.

బాన్సువాడ వచ్చినా ఆ చెయ్యి వదల్లేదు.