వీణ క్యాసెట్టూ రెండు ఆంప్లిఫయర్లూ

నా కుడిచెవి మందగిస్తోందని, రెండోదీ అదే దారి పడుతుందని రాజమండ్రిలో చెవి డాక్టరు చెప్పాడు. ఆంప్లిఫయర్ కొనాలనుకున్నది ఆ ఏడే. నా దగ్గరున్న వీణ క్యాసెట్లు చెవులుండగా ఒక్కసారైనా సరిగ్గా వినాలనిపించింది. నిడదవోలులో మా ఇంట్లో ఉన్నది చిన్న టేప్‌రికార్డరు. మీటిన తీగ మోత సన్నగిల్లి ఎక్కడ ఆగుతుందో అందులో ఎన్నడూ తెలియలేదు.

రైలెక్కి రాజమండ్రి మూడుసార్లు వెళ్ళాను. మొదటి షాపు యజమాని నన్ను నిలబెట్టే మాట్లాడాడు. నా వెనకాలే వచ్చిన రొయ్యల చెరువుల ఆసామికి మాత్రం కుర్చీ వేయించి కూల్‌డ్రింకు తెప్పించాడు. "కచేరీ పాటలకి ఇంత పవరెందుకు మాస్టారూ, రేడియో చాలదేంటండీ?" అన్నాడు. ఆసామి నవ్వాడు. ఆ రోజు అతను వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

రెండో షాపులో సినిమా డాన్సు పాట పెట్టి, నా చెయ్యి లాగి స్పీకరుకి ఆనించారు. నా క్యాసెట్టు పెట్టమంటే పెట్టారు గానీ, ఆలాపన నిమిషమైనా నడవకముందే సేల్స్‌మన్ టేపు ముందుకి తిప్పేసి మృదంగం దగ్గర ఆపాడు.

"ఇక్కడైతే బేస్ తెలుస్తుందండి."

"నేనొచ్చింది ఆలాపన వినడానికయ్యా."

"అది ఇంటికెళ్ళి తీరిగ్గా వినండి."

యజమానికి ఫిర్యాదు చేశాను. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు.

మూడోసారి మా ఆవిడ కూడా బయల్దేరింది. ఆవిడకి సంగీతం పట్టదు. "మీరొక్కరే వెళ్తే మళ్ళీ పోట్లాడి వస్తారు" అంది. ఈ షాపాయన ఇద్దరికీ కుర్చీలు వేశాడు. రెండు ఆంప్లిఫయర్లు పక్కపక్కన పెట్టి, ఒకే స్పీకర్లకి మార్చి మార్చి కలుపుతూ నా క్యాసెట్టే వినిపించాడు. అరగంట విన్నాను. నాకు రెండూ ఒకటే. రెంటిలోనూ తీగ ఒక్కచోటే ఆగిపోతోంది.

"రెండూ బాగానే ఉన్నట్టున్నాయి" అన్నాను.

"బాగుండడమేంటండీ? మొదటిది సుయ్‌మంటోంది కదా" అంది మా ఆవిడ.

"ఎక్కడ?"

"వీణ ఆగినప్పుడల్లా. రెండోదాంట్లో ఆ గోల లేదు. ఇదిగో, తీగ ఇంకా మోగుతోంది చూడండి."

"భలే పట్టేశారమ్మా" అన్నాడు షాపాయన.

ఆవిడ నా మొహం చూసి మాట ఆపేసింది. పోట్లాడదామంటే ఆ షాపులో ఎవరి తప్పూ కనపడలేదు. రెండోదే కట్టించమన్నాను.

ఇంట్లో క్యాసెట్టు పెట్టిన మొదటి రోజునుంచీ ఒక పద్ధతి ఏర్పడింది. ఆవిడ పక్కన కూర్చుని వేలు ఎత్తి ఉంచుతుంది. తీగ మోత పూర్తిగా ఆగాక దించుతుంది. నాకు ఆ మోత ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అయినా వేలు దిగేదాకా కదలను. పాలు పొంగుతున్నాయని ఆవిడ మధ్యలో లేచిపోయిన రోజులూ ఉన్నాయి. అవి ఎన్ని రోజులో నాకు గుర్తే.