మరకలు చదివిన ఒకటో తరగతి

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, ఈ భూమ్మీద నాకు తెలియని విషయమంటూ లేదు. వయసు ఇరవై రెండు, టీచర్ ట్రైనింగు ముగిసి ఏడాదైనా కాలేదు, నోరు తెరిస్తే 'కొత్త పద్ధతి' అనేదాన్ని. పూర్ణా మార్కెట్ దగ్గర్లోని చిన్న ఎలిమెంటరీ స్కూల్లో నాకు ఒకటో తరగతి ఇచ్చారు. అదే తరగతి రెండో సెక్షను పక్క గదిలో మా పెద్ద టీచరమ్మది. ఆవిడ ఎప్పట్లాగే ఇసకలో అక్షరాలు దిద్దిస్తూ పిల్లల చేత అ, ఆ అని రాగం తీయిస్తుంటే నాకు జాలేసేది. నా పద్ధతిలో ముందు మాట, ఆ తర్వాతే అక్షరం. బట్టల కొట్టువాళ్ళని బతిమాలి తెచ్చిన అట్టల మీద ఆవు, ఇల్లు, పడవ, వల అంటూ ఇరవై మాటలు రాశాను. నెల తిరిగేసరికి అట్ట ఎత్తడమే ఆలస్యం, పిల్లలు గోడలు అదిరేలా చదివేసేవారు. (పెద్ద టీచరమ్మకు వినిపించాలని తలుపు తెరిచి ఉంచేదాన్ని. ఇప్పుడు ఒప్పుకోవడానికేం?)

ఈ సంగతి విని ఇన్‌స్పెక్టరు గారు చూడ్డానికి వస్తానన్నారు. ఆయనకు నచ్చితే నా అట్టలు ఉంటాయి, నచ్చకపోతే నేనూ ఇసక పరుచుకోవాల్సిందే. అంత పెద్దమనిషి ముందు ఆ మాసిపోయిన అట్టలు ఎలా ఎత్తను? ముందురోజు సాయంత్రం కూర్చుని, తెల్లటి కొత్త అట్టల మీద అవే ఇరవై మాటలు ముత్యాల్లా తిరగరాశాను. కొత్త వాయిల్ చీర కూడా కట్టుకెళ్ళాను.

ఆయన వచ్చి కూర్చోగానే మొదటి అట్ట ఎత్తాను. ఒక్కరూ పలకలేదు. రెండోదానికీ అంతే. మూడోది ఎత్తి చూపిస్తూ, "నిన్న చదివారు కదర్రా!" అన్నాను. ముందు వరసలోంచి, మేమంతా బొండాం అని పిలిచే పిల్ల లేచింది. "నూనె మరకుంటే ఆవు టీచర్. మూల సిరిగుంటే పడవ. దీనికేటీ లేదు, నానెలాగ సెప్పీది?"

ఇన్‌స్పెక్టరు గారు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చేసింది. ఇంతలో, తెరిచిన తలుపులోంచి అంతా విన్న పెద్ద టీచరమ్మ లోపలికి వచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం, "బాబుగారూ, మరకలు సూసి ఇరవై మాటలు గుర్తెట్టుకున్నోళ్ళు అక్షరాలు గుర్తెట్టుకోరేటి? పిల్లలు గట్టోళ్ళు. అమ్మాయికే ఇంకా అలవాటవ్వాల" అంది. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "అట్టలు ఉంచండి. కానీ నెలరోజులు మొదటి గంట ఈవిడ క్లాసులో కూర్చోండి" అన్నారు.

మర్నాడు ఆవిడ క్లాసులో చీర కుచ్చిళ్ళు సర్దుకుని పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాను. నా మొహం ఎలా ఉందో ఏమో, పక్కనున్న పిల్ల జరిగి చోటిచ్చి, నా చెవిలో, "బయపడకండి టీచర్, నాకూ ముందు అచ్చరాలు రాలేదు. రెండ్రోజుల్లో ఒచ్చేత్తాయి" అంది.

రెండ్రోజుల్లో రాలేదు. పిల్లలకు చదవడం నేర్పడం నాకు వచ్చేసరికి చాలా ఏళ్ళే పట్టింది. అయినా, ఆ మాటతో నాకు కలిగిన ధైర్యం మాత్రం ఏ ట్రైనింగూ ఇవ్వలేదు.