తిరుపతిలో దొరకని మిషను

మా అమ్మాయి హిమజ ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కెర్నెల్ అనే మూల భాగానికి కోడ్ రాస్తుంది. స్విచ్ వేయగానే ప్రాసెసర్లను నిద్రలేపే కోడ్ మూడు రకాల మిషన్లలో ఒక్కోదానికి ఒక్కోలా ఉందట. మూడు రకాలకూ కలిపి ఒకటే రాయాలని వేసవంతా కష్టపడింది. రెండు రకాల మిషన్ల మీద చక్కగా నడిచింది. మూడో రకం మా దగ్గర లేదు. దాని మీద కూడా నడిచిందని ఈ సాయంత్రంలోగా ఎవరైనా చూసి చెప్పకపోతే ఆ కోడ్ ఈసారికి తీసుకోనని, అందరూ రాసింది చూసి కెర్నెల్‌లో చేర్చే పెద్దాయన మెయిల్ రాశాడు.

ఊరుకోలేక, మా కంప్యూటర్ బాగుచేసే మునిరత్నానికి ఫోన్ చేసి, ఆ మూడో రకం పేరు చెప్పి ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాను.

"ఆ పేరే యినలేదక్కా నేను. తిరుపతిలో యాడుంటాది? కొండెక్కి మొక్కుకో, అదే దారి," అన్నాడు.

ఆ మిషను ఉన్న ఒకాయన జర్మనీలో ఉన్నాడు. చూసి చెప్పమని హిమజ ఆయనకు మెయిల్ పెట్టింది. ఆయన జవాబు ఐదింటికి వచ్చింది. మిషను ఆఫీసులో ఉందట, ఈ రోజు ఆయనకు సెలవట, సోమవారం చూస్తాడట. ఈ రోజు శుక్రవారం.

"ఇంగొకసారి రాసి అడగరాదా పాపా?" అన్నాను.

"ఆయప్పేమన్నా జీతానికి చేస్తా ఉండాడామా? ఊరికే చేస్తా ఉండాడు. ఏమని అడిగేది?" అంది.

నిజమే. గడువు పెట్టిన పెద్దాయనదీ తప్పు కాదు, చూడకుండా ఎలా తీసుకుంటాడు? హిమజ కంప్యూటర్ ఆపేసి మేడమీదికి వెళ్లిపోయింది. నాకు తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరకలేదు.

ఎవరి తప్పూ లేకుండా మీ ఇంట్లో ఆగిపోయిన పని ఏదైనా ఉంటే రాయండి. అన్నం తినేటప్పుడు అమ్మాయికి చదివి వినిపిస్తాను.