లేని మోకాలి నొప్పి

అన్న పోయిన సంగతి అక్కే ఫోన్ చేసి చెప్పింది. ఆబిడ్స్‌లో నేను పనిచేసే కళ్లద్దాల షాపు షట్టర్ అప్పుడే ఎత్తుతున్నాను. "మీ అన్న పోయిండు తమ్మీ. పొద్దున లేచి నీళ్లు తాగి కూసున్నడు, గంతే. దవాఖానకు తీస్కపోయేదాక గూడ లేడు" అంది. నేను "సరే అక్కా" అన్నాను. అలాంటి మాటకు ఎవరైనా సరే అంటారా? ఫోన్ పెట్టేశాక సగం ఎత్తిన షట్టర్‌ను పైకి లేపాలో కిందికి దించాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆయన మీలో చాలామందికి తెలిసుండడు. కాలేజీ విద్యార్థులకు బైబిల్ చెబుతూ క్రైస్తవ పరిచర్య చేసేవాడు. మెదక్ వైపు మనిషి, నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. పిల్లలందరికీ ఆయన అన్న, ఆయన భార్య అక్క. ఆయన వారమంతా మాకు కంఠతా వచ్చు. సోమ, మంగళవారాలు కాలేజీలూ, కాచిగూడ వైపు హాస్టళ్లూ. బుధవారం సాయంత్రం ఇంట్లో బైబిల్ స్టడీ. శుక్రవారం కాలేజీ గ్రౌండులో వాలీబాల్. శనివారం మాత్రం ఎవరికీ దొరికేవాడు కాదు. "శనివారం నేను మీ అన్నను గాను, మీ అక్క సంచులు మోసేటోణ్ణి" అని భార్యనూ కూతుర్నీ తీసుకుని సుల్తాన్ బజార్ వెళ్లేవాడు. ఒకసారి అక్కడ చూశాను. గాజుల బండి దగ్గర కూతురికి ఏ రంగు కొనాలో తేల్చుకోలేక, పక్కన నిలబడ్డ ఎవరో ముసలమ్మను సలహా అడుగుతున్నాడు.

నేను చేరింది వాలీబాల్ కోసమే. మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. పూజ కానిదే మా అమ్మ కాఫీ కూడా ముట్టదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో క్లాసువాడెవరో గ్రౌండుకి లాక్కెళ్లాడు. అన్న ఆట అంతంత మాత్రం, సర్వీసు చేస్తే బంతి నెట్‌లోనే. కానీ షరతులన్నీ ఆయనవే. "గెలిచినోళ్లు నెట్ విప్పాలె, ఓడినోళ్లు ముందు చాయ్ తాగాలె" అనేవాడు. ఆయన మంచితనానికి మొహమాటపడి బుధవారాలు కూడా వెళ్లడం మొదలుపెట్టాను. చాప మీద గంటన్నర కూర్చోవాలి. నాలుగో బుధవారం ఎలాగైనా తప్పించుకోవాలని "మోకాలు నొప్పన్నా, కింద కూర్చోలేను" అన్నాను.

ఇంటికి పొమ్మంటాడనుకున్నాను. ఆయన పక్కింటికి వెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు. చివర్లో ఒక్కొక్కరూ తమ అవసరం చెబితే అందరూ కళ్లు మూసుకుని దాని కోసం ప్రార్థిస్తారు. నా తరఫున ఆయనే నా మోకాలి సంగతి చెప్పేశాడు. శుక్రవారం గ్రౌండుకి వెళ్తే నన్ను బంతి ముట్టనివ్వలేదు. నా మెడలో విజిల్ వేసి "నువ్వు గాడ నిలబడి చూడు తమ్మీ, మోకాలు జర కుదుటపడనీ" అన్నాడు. ఆడటానికి వెళ్లినవాణ్ణి అంపైర్నైపోయాను. మరెందుకు మానేయలేదని మీరడగొచ్చు. నాకూ తెలియదు. డిగ్రీ అయిపోయి షాపులో చేరాక కూడా వీలైన బుధవారమల్లా వెళ్లాను. లేని నొప్పి గురించే అయినా, "మోకాలు ఎట్లుంది తమ్మీ" అని అంత శ్రద్ధగా అడిగిన మనిషి నాకు ఇంకొకరు లేరు.

ఒక ఏడు వినాయక నిమజ్జనం రోజున ఆబిడ్స్ రోడ్డు మీద బ్యాండు ముందు గంటసేపు గంతులేశాను. తలెత్తి చూస్తే ఫుట్‌పాత్ మీద అన్న, ఆయన భుజాల మీద కూతురు. ఆ బుధవారం భయపడుతూనే వెళ్లాను. మొహంలో ఏ తేడా లేకుండా "ఈ వారం నొప్పి జర ఎక్కువున్నదా?" అన్నాడు. ఆటపట్టించాడా, నిజంగానే అడిగాడా? ఆ రోజు నుంచీ నా తికమక అదే.

తెలుసనుకుందామంటే రెండేళ్ల కిందటి సంగతి అడ్డొస్తుంది. కొన్న కళ్లద్దాలు కౌంటర్ మీదే మరిచిపోయిన ఒక పెద్దాయన వెనక పరుగెత్తి, బస్సెక్కబోతుంటే పట్టుకుని ఇచ్చాను. తిరిగొచ్చేసరికి షాపులో అన్న ఉన్నాడు. "ఉరికినవ్ తమ్మీ. నేను చూసిన" అన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. కస్టమర్ల ముందే వంగి నా మోకాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. నిజం చెప్పేదేదో అప్పుడే చెప్పాల్సింది. నేను "తగ్గిందన్నా" అన్నాను. ఆ తర్వాత ఏ కాలేజీకి వెళ్లినా, పదేళ్ల ప్రార్థనకు జవాబొచ్చిందని నా మోకాలి కథ చెప్పేవాడట. అబద్ధమని తెలిస్తే ఆయన అలా చెప్పే మనిషి కాదు.

సమాధి కార్యక్రమం అయ్యాక, ఆబిడ్స్‌లోని చర్చి హాల్లో, పోయినవాళ్లను తలుచుకుని ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. ముందు రోజు అక్క ఫోన్ చేసి "రేపు నువ్వు సాక్ష్యం చెప్పాలె తమ్మీ. మోకాలు సంగతి. ఆయనకు గదంటే పానం" అంది. దేవుడు తమకు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడాన్ని వాళ్లు సాక్ష్యం అంటారు. సరేనంటే ఆయన ఫొటో ముందు మళ్లీ అబద్ధమాడాలి. నిజం చెబితే ఆయన ఇన్నాళ్లు చెప్పిన కథ ఉత్తదేనని ఆయన భార్యాబిడ్డల ముందే తేల్చినట్టు. ఆ రోజు షాపులో ఒకరి ఫ్రేముకి ఇంకొకరి అద్దాలు బిగించి ఓనరుతో తిట్లు తిన్నాను.

అబద్ధమే చెబుదామని నిశ్చయించుకునే మైకు ముందుకు వెళ్లాను. ముందు వరసలో అన్న కూతురు నా మొహం వైపు కాదు, మోకాలి వైపు చూస్తోంది.

"నా మోకాలికి ఎప్పుడూ ఏమీ కాలేదు" అన్నాను. "బైబిల్ స్టడీ తప్పించుకోవడానికి అబద్ధం చెప్పాను. అన్న దాని కోసం పదేళ్లు ప్రార్థన చేశాడు." మైకు పక్కకు జరిపాను. వెనక నుంచి ఎవరో అలవాటుగా "ఆమెన్" అన్నారు.

బయట గేటు దగ్గర అక్కను అడిగాను, అన్నకు తెలుసా అని.

"ఏమో తమ్మీ. నాకైతే ఎన్నడు చెప్పలే" అంది. కోపమొచ్చిందో లేదో ఆమె మొహంలో తెలియలేదు. "బుధవారం రా. పిల్లలొస్తరు."

వెళ్లాను. తగ్గిందన్నాక కూడా వదలని కుర్చీని పక్కన పెట్టి, ఇన్నేళ్లకు మళ్లీ అందరితో పాటు చాప మీద కూర్చున్నాను. అన్న చేసే పని ఇప్పుడు అక్క చేస్తోంది. ఒక అబ్బాయి బ్యాక్‌లాగ్ పరీక్ష గురించి చెప్పాడు, ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఆపరేషన్ గురించి చెప్పింది. నా వంతు వచ్చింది.

"నీ కోసం ఏం అడగాలె తమ్మీ?" అంది అక్క.

పన్నెండేళ్లుగా ఆ ప్రశ్నకు నా జవాబు మోకాలే, మొదట నొప్పని, తర్వాత తగ్గిందని. ఇప్పుడది లేదు. అన్నకు తెలుసో లేదో చెప్పమని అడగొచ్చా? అసలు ఎవర్ని అడుగుతున్నానో కూడా నాకు సరిగా తెలియదు. నేనింకా నోరు విప్పలేదు, పిల్లలు అప్పుడే కళ్లు మూసుకున్నారు. అక్క కూడా మూసుకుంది. పదిమంది తలలు వంచుకుని, నేనేం అడుగుతానా అని ఎదురుచూస్తున్నారు.