జింకను బాగుచేసే రాజన్న కాక

ఆదివారం పొద్దున మా వీధి మూలనున్న మటన్ దుకాణంలో కత్తి నూరే చప్పుడు వినబడితే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. కరీంనగర్‌లో పంపులు బాగుచేసే దుకాణం నాది. మాంసం ముట్టని ఇంట్లో పుట్టాను, ఇప్పటికీ ముట్టను. అయినా అక్కడ నిలబడి, కడుపు చీల్చేటప్పుడు కత్తి పదును ఎటు తిరిగి ఉందో చూస్తాను. లోపలికి ఉంటే ఉండబట్టలేక, "పదును పైకి పెట్టవయ్యా" అనేస్తాను. "కొనరు, పోరు, పైగా పని నేర్పుతారు" అని దుకాణదారు నవ్వుతాడు. ఆ పని నాకు నేర్పినవాడు రాజన్న కాక అని అతనికి తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేను సౌదీలో హఫర్ అల్ బాతిన్ ఊరి బయట ఒక షేక్ తోటలో పంపు మెకానిక్‌ని. రాజన్నది సిరిసిల్ల వైపు. యాభై దాటిన మనిషి, ఖర్జూరపు చెట్లకు నీళ్ళు కట్టేవాడు, నా గదిలోనే ఉండేవాడు. వచ్చిన మొదటిరోజే నేను, "పప్పులో గరిటె, కూరలో గరిటె వేరువేరేనా?" అని అడిగాను. అంతే, నా పేరు పోయి 'పంతులు' మిగిలింది. తోటలో ఒక పక్క పెద్ద కంచె, అందులో షేక్ పెంచుకునే జింకలు. బయట ఎడారిలో జింకను కొట్టడం నేరం కాబట్టి ఆయన వేటంతా ఆ కంచె లోపలే. చలికాలం అతిథులు వస్తే ఒకదాన్ని తుపాకీతో కొట్టి, ప్రాణం పోకముందే దేవుడి పేరు చెప్పి ఆయనే గొంతు కోసేవాడు. ఆ తర్వాత తోలు, పేగులు తీసి బాగుచేయడానికి "యా రాజూ!" అని కేక. ఊళ్ళో పండుగలకు మేకలు, యాటలు కోసిన చెయ్యి మరి.

మొదటిసారి కాళ్ళు పట్టుకోవడానికి రాజన్న నన్ను తీసుకెళ్ళాడు. జింక కాళ్ళను నేను పట్టుకున్నానో, పడిపోకుండా అవే నన్ను పట్టుకున్నాయో చెప్పలేను. ముక్కుకు రుమాలు కట్టుకుని, సగం కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఆయన మాత్రం శుభ్రమైన టార్పాలిన్ మీద జింకను వెల్లకిలా పడుకోబెట్టి, బడిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"సూడు పంతులూ. ఎడమ చెయ్యి బయటి మనిషి, బొచ్చు వట్టుకుంటది. కుడి చెయ్యి ఇంటి మనిషి, కండ ముట్టుకుంటది. ఒకదాని జాగలకు ఒకటి రావొద్దు."

తోలు కింద రెండు వేళ్ళు దూర్చి పైకెత్తి, వాటి మధ్య కత్తిని పదును పైకి పెట్టి నడిపాడు. పేగు తెగలేదు, కాలేయానికి అంటుకున్న చేదు తిత్తి పగలలేదు. కడుపులోని సరుకంతా ఒక్క మూటలా బయటికి వచ్చింది. ఆ పనితనానికి నాకు ముచ్చటేసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన చాయ్‌ని గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోశాడు.

"కాకా, కండ్లు కనవడ్తలేవా?" అన్నాను.

"మెల్లగ, పంతులూ. పొరలొచ్చినయి. రెండు నెలలల్ల చుట్టీకి వోత, ఆపరేషన్ చేయించుకోని వస్త. గంతలోపట ముదీర్‌కు ఎర్కైతే ఖురూజే. మా చిన్నపిల్ల నర్సింగు సదువు ఇంకా రెండేండ్లున్నది."

చుట్టీ అంటే సెలవు, ముదీర్ అంటే మా మేనేజర్. ఖురూజ్ పడితే ఇక ఇంటికే, మళ్ళీ రానివ్వరు. ఇన్నాళ్ళూ ఆయన జింకలను వేళ్ళతోనే చూస్తున్నాడని అప్పుడు అర్థమైంది.

చుట్టీకి ఇరవై రోజుల ముందు ఒక అతిథి తానే కొడతానని సరదాపడి, తూటాను సరిగ్గా జింక పొట్టలో దించాడు. పొట్ట పగిలి లోపలి పచ్చ రసం కండకు పాకింది. అది అంటినంత మేరా కోసి పారేయాలి, లేకపోతే మాంసమంతా కంపే. షేక్ గొంతు కోసి అతిథుల దగ్గరికి వెళ్ళాడు. ముదీర్ మాత్రం చేతులు కట్టుకుని మా నెత్తిన నిలబడ్డాడు. ఎవరు చెవిలో వేశారో, "రాజూ, ఆంఖ్ మాఫీ?" అన్నాడు, కళ్ళు లేవా అని.

"ఆంఖ్ తమామ్, ముదీర్!" అని, కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నట్టు రాజన్న నవ్వి, వంగి, తెలుగులో మెల్లగా అడిగాడు. "పంతులూ, వాసనొస్తుంది గని జాడ దొరుకుతలేదు. పచ్చ ఎందాక పాకింది?"

"కుడిపక్క, అరచెయ్యంత" అన్నాను రుమాలు చాటునుంచి.

కత్తి ఆగింది. "సూసి చెప్పవట్టినవా, అనుకోని చెప్పవట్టినవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. రుమాలు ఊడబీకి, జింక మీదికి వంగి, కళ్ళు పూర్తిగా తెరిచి చూశాను. పచ్చదనం చివరి పక్కటెముక దాటి నడుము కండ దాకా పోయింది. అది చెప్పాను.

"నీళ్ళు వోయకు, అంతట పారుతది. నేను కోసుకుంట వోత, ఎర్రగ కాంగనే ఆగుమను."

ఆయన కోస్తున్నాడు, నేను చెబుతున్నాను. "క్యా బోల్తా?" అన్నాడు ముదీర్, ఏమిటా మాటలని. "ముఝే సిఖాతా హై" అన్నాను. నాకు నేర్పుతున్నాడనడంలో అబద్ధమేమీ లేదు. చివరికి ముదీర్ మాంసం దగ్గరికి ముక్కు పెట్టి వాసన చూశాడు. ఏమీ దొరకలేదు. "నదీఫ్" అన్నాడు, శుభ్రం అని. అనడం ఇష్టం లేకపోయినా అన్నాడు. మోటారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాం. ఒకరినొకరు చూసి చాలాసేపు నవ్వుకున్నాం.

ఆయన చుట్టీకి వెళ్ళి, రెండు కళ్ళూ బాగుచేయించుకుని మూడు నెలలకు తిరిగొచ్చాడు. గది గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఓరి పంతులూ, నువ్వింత నల్లగున్నవా? గొంతు ఇని తెల్లటి పిలగాడనుకున్న గదా!"

ఆ తర్వాత మరో రెండేళ్ళు కలిసి ఉన్నాం. చిన్నపిల్ల చదువు పూర్తయ్యాకే ఆయన ఇంటికి వెళ్ళాడు. ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఎందుకో చెప్పాలంటే ఆ పొట్ట పగిలిన జింకే గుర్తొస్తుంది. అప్పటిదాకా ఏదడిగినా నోటికొచ్చిన అంచనా చెప్పి గడిపేసేవాణ్ణి, దానివల్ల ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఆరోజు ఒక మనిషి తన బతుకుదెరువును నా మాట చేతికిచ్చి కత్తి నడిపాడు. ఇప్పుడు ఇది పాడైంది, ఇది బాగుంది అని ఎవరికైనా చెప్పేముందు ఒక్కసారి ఆగి, వంగి, పూర్తిగా చూస్తాను. నా మాట నమ్మి ఎవరు ఎక్కడ కోసుకుంటూ పోతారో!